20 డిగ్రీల నీళ్ల కోసం: ఫిల్ము ఫోటోగ్రఫీతో నా అనుభవం

నలుపు తెలుపు ఫిల్మును 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర కడగాలని పుస్తకాలన్నీ చెబుతాయి. మే నెల మధ్యాహ్నం మా నల్లకుంట ఇంట్లో నల్లా తిప్పితే వచ్చే నీళ్లు 34 డిగ్రీలు ఉంటాయి. ఈ 14 డిగ్రీల తేడాతో కుదుర్చుకోవడానికి నాకు రెండు వేసవులు పట్టింది. మనవాళ్లు ఫిల్మును ‘డెవలప్ చేయించడం’ అనేవారు కాదు, ‘రీలు కడిగించడం’ అనేవారు. నీళ్ల సంగతి ఆ మాటలోనే ఉంది, నేనే ఆలస్యంగా గమనించాను.

ఫిల్ము ఎందుకని అడిగినవారికి నేను ఒకే సంగతి చెబుతాను. మూడేళ్ల కిందట ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు, సికింద్రాబాదు మోండా మార్కెట్లో ఒక పూల దుకాణాన్ని ఫోనుతో ఫోటో తీశాను. ఇంటికి వచ్చి చూస్తే నేను కళ్లారా చూసిన చీకటి అందులో లేదు. నేను ఒక్కసారి నొక్కినా, ఫోను వేర్వేరు ఎక్స్‌పోజర్లతో అనేక ఫ్రేములు తీసుకుని, వాటిని కలిపి, దుకాణం వెనక మూలను కూడా పట్టపగలులా వెలిగించింది. ఫోటో బాగానే ఉంది, కాని అందులో ఎంత చీకటి ఉండాలో నిర్ణయించింది నేను కాదు. డిజిటల్ కెమెరాను మాన్యువల్‌లో పెట్టుకుంటే ఆ నిర్ణయం నీదే అవుతుంది కదా అని మా వారు అన్నారు, అదీ నిజమే. అయితే వెనక తెర ఉన్నంతకాలం తీసిన ప్రతిదాన్నీ వెంటనే చూసుకుని దిద్దుకుంటానే తప్ప, వెలుగును ముందుగా అంచనా వేయడం ఎన్నటికీ నేర్చుకోనని నా గురించి నాకు తెలుసు. పాతకాలం మీది మమకారం మాత్రం కారణం కాదు, మా పుట్టింట్లో కెమెరా అన్నదే ఉండేది కాదు.

కోఠిలో పాత కెమెరాలు అమ్మే ఒక చిన్న దుకాణంలో, నాలుగు వారాలు తిరిగి, పెంటాక్స్ కె1000 కొన్నాను. 1976 నుంచి 1997 వరకు తయారైన ఈ కెమెరాలో తనంతట తానుగా జరిగేది ఏదీ లేదు: ఫోకస్ మనమే చేయాలి, షట్టర్ వేగమూ, వెలుగు లోపలికొచ్చే రంధ్రం కొలత అయిన అపెర్చరూ మనమే పెట్టాలి, వెలుగు చూపే మీటరు ముల్లుకు తప్ప దేనికీ బ్యాటరీ అక్కర్లేదు. 50 మిల్లీమీటర్ల లెన్సుతో కలిపి 11,000 రూపాయలు ఇచ్చాను. కొనేముందు లెన్సును టార్చి వెలుగులో చూసి బూజు లేదని నిర్ధారించుకున్నాను కాని, వెనక తలుపు అంచుల్లోని నల్లటి ఫోము జిగటగా మారిపోయిందని గమనించలేదు. దాన్ని గీకి కొత్తది అతికించడానికి ఒక ఆదివారం పట్టింది. ఈ కెమెరాలో మీటరును ఆపే స్విచ్ లేదనీ, లెన్సుకు మూత పెట్టి చీకటి చేయడమే దాన్ని ఆపే పద్ధతనీ తెలిసేలోగా రెండు బ్యాటరీలు అయిపోయాయి.

మొదటి రీలును సంతోష్‌నగర్ దగ్గరి పైగా ప్రభువుల సమాధుల్లో తీశాను. అక్కడి జాలీల గుండా నేల మీద పడే వెలుగునూ నీడనూ కొలుచుకుంటూ ఉదయమంతా గడిపాను. ఎండలో అపెర్చరు 16 పెట్టి, షట్టర్ వేగాన్ని ఫిల్ము వేగానికి (వెలుగును అది ఎంత త్వరగా పట్టుకుంటుందో చెప్పే అంకెకు) దగ్గరగా, అంటే 400 ఫిల్ముకు సెకనులో 500వ వంతుగా ఉంచాలన్న పాత సూత్రం అక్కడే ఒంటబట్టింది. 36 ఫోటోల రీలు 38 దాటినా, 39 దాటినా అయిపోకపోతే ఈ కెమెరా ఉదారమైనదని మురిసిపోయాను. నిజానికి ఫిల్ము కొస చుట్టుడు కడ్డీకి పట్టుకోనే లేదు. లోపల అంగుళం కూడా కదలలేదు. లివరు తిప్పినప్పుడల్లా ఎడమవైపు రీవైండ్ పిడి కూడా తిరుగుతోందా లేదా అని చూసుకోవాలని ఆ తర్వాత తెలిసింది. ఇప్పుడు ప్రతి రీలుకూ అది చూడకుండా మొదటి ఫోటో తీయను.

రెండో రీలును ఒక ల్యాబులో ఇచ్చాను. అప్పట్లో రీలు 850 రూపాయలు, కడిగి స్కాన్ చేయడానికి 500. అంటే ఒక్కో ఫోటోకు 37 రూపాయల పైమాట. పది రోజుల తర్వాత చేతికొచ్చిన నెగెటివ్ నిలువునా ఒకే గీత పడి ఉంది. నా కెమెరాలోనే గీసుకుందేమో అన్నారు ల్యాబువాళ్లు. అలా జరగడమూ సాధ్యమే కనుక వాదించలేకపోయాను, కాని సొంతంగా కడుక్కుంటే తప్పెవరిదో అయినా తెలుస్తుందని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

నేర్పేవారి కోసం వెతుకుతుంటే సికింద్రాబాదులో ఒకప్పుడు స్టూడియో నడిపిన పెద్దాయన ఒకరు దొరికారు. డార్క్ రూము నేర్చుకోవడానికి ఆడమనిషి రావడం ఆయనకు వింతగా తోచింది. ఆ సంగతి విన్నాక నాకు రాజా దీన్‌దయాళ్ గుర్తుకొచ్చాడు: ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరైన ఆయన, పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో జనానా స్టూడియోను విడిగా తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల వనిత చేతిలో పెట్టాడు. ఈ నగరంలో మా వంతు మరీ కొత్తదేమీ కాదన్నమాట. నేను డెవలపరుల, అంటే ఫిల్ము మీది బొమ్మను బయటికి తెచ్చే మందుల పేర్లన్నీ ఏకరువు పెడుతుంటే పెద్దాయన మధ్యలో ఆపి, “మందుల ముచ్చట తర్వాత బిడ్డా, ముందుగాల నీళ్లు సల్లగున్నయో లేవో సూడు. ఎండకాలంల మేం నడిరాత్రి దాటినంకనే కడిగేటోళ్లం” అన్నారు. బొమ్మను చెరగకుండా నిలబెట్టే హైపో అనే మందు వాడేశాక, అందులోంచి వెండి తీసుకోవడానికి దాన్ని కొనుక్కుపోయేవాళ్లు వచ్చేవారని కూడా చెప్పారు. అది విన్నప్పటినుంచి నేను హైపోను సింకులో పారబోయకుండా డబ్బాలో దాస్తున్నాను, కొనేవాళ్లు మాత్రం రావడం లేదు.

ఆయన మాటను నేను సగమే విన్నాను. డెవలపరు సీసాను ఐసు నీళ్ల తొట్టిలో ఉంచి శ్రద్ధగా 20 డిగ్రీలకు తెచ్చాను; ఐసును నేరుగా అందులో వేస్తే మందు పలచబడుతుందన్న జ్ఞానం అప్పటికే ఉంది. ఫిల్మును నల్ల సంచిలో చేతులు దూర్చి తడుముకుంటూ ట్యాంకు చక్రంలోకి ఎక్కించాను, చెమట చేతులకు అదే పావుగంట పట్టింది. హెచ్‌పీ5 అనే నలుపు తెలుపు ఫిల్మును, సగానికి సగం నీళ్లు కలిపిన ఐడీ-11 డెవలపరులో 13 నిమిషాలు తిప్పాను. ఇంతవరకు అంతా సవ్యమే. తర్వాత కడగడానికి మాత్రం ఏ ఆలోచనా లేకుండా నల్లా కింద పెట్టాను. చల్లటి మందులోంచి ఒక్కసారిగా వేడినీళ్లలోకి వచ్చిన ఫిల్ము మీది జెలటిన్ పొర ఉబ్బి మెత్తబడింది, నీళ్లు జారడానికి ఫిల్మును రెండు వేళ్ల మధ్య లాగేసరికి ల్యాబు వేసిన దానికంటే అందమైన గీతలు నేనే వేసుకున్నాను. ఈసారి తప్పెవరిదో తెలియడానికి కష్టపడనక్కర్లేకపోయింది.

అప్పటినుంచి నేను ఏ ఒక్క సీసా చల్లదనాన్నీ విడిగా చూసుకోవడం లేదు. డెవలపరు, హైపో, కడిగే నీళ్లు మూడూ ఒకే తొట్టిలో గంటసేపు ఉండి ఒకే వేడికి రావాలి. అది 20 కానక్కర్లేదు, మే నెలలో 24 దగ్గర ఆగితే చాలు, 13 నిమిషాలకు బదులు 9 నిమిషాల్లో ముగించాలి. కడగడానికి నల్లాను వదిలిపెట్టడమూ మానేశాను: ట్యాంకు నింపి 5 సార్లు తిప్పి పారబోయడం, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ 20 సార్లు. ఫిల్ము తయారుచేసే ఇల్ఫర్డ్ సంస్థ సూచించిన ఈ పద్ధతి నీళ్ల కరువున్న మా వీధికి దేవుడిచ్చిన వరం. మాది బోరు నీళ్లు కనుక ఆరిన నెగెటివ్ మీద తెల్లటి సున్నపు చుక్కలు మిగిలేవి. చివరి తడుపుకు బ్యాటరీల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ నీళ్లు వాడడం మొదలుపెట్టాక అవీ పోయాయి.

ఫిల్ము రీళ్లు ఫ్రిజ్‌లో, మా అత్తమ్మ చింతపండు డబ్బా పక్కన ఉంటాయి. ఆమె వాటిని ‘కోడలి మందులు’ అంటుంది. ఫిల్ము మీద పూసే జెలటిన్‌ను పశువుల ఎముకల నుంచీ తోలు నుంచీ తీస్తారన్న సంగతి శాకాహారి అయిన ఆమెకు నేను ఇంతవరకు చెప్పలేదు, చెప్పే ధైర్యమూ లేదు.

కొత్తగా మొదలుపెట్టేవారు నలుపు తెలుపుతోనే మొదలుపెట్టాలనీ, రంగుల ఫిల్ము కడగడం ఇంట్లో కష్టమనీ అందరూ అంటారు. రంగుల ఫిల్ముకు వాడే సీ-41 పద్ధతిలో డెవలపరు 37.8 డిగ్రీల దగ్గర ఉండాలి, అక్కడ అర డిగ్రీ తేడాను కూడా ఓర్చదు. చల్లటి దేశంలో గది వేడికంటే 18 డిగ్రీలు ఎక్కువగా నీళ్లను నిలపడం నిజంగా కష్టమే. ఈ మాట రాసినవారు మన డాబా మీది ట్యాంకును చూసి ఉండరు. కిందటి మే నెలలో ఒక మధ్యాహ్నం మూడు గంటలకు బకెట్టు నింపి థర్మామీటరు పెడితే 36 చూపింది. ఒక మగ్గు వేడినీళ్లు కలిపి 38కి తెచ్చి, సీసాలు అందులో ఉంచితే, డెవలపరుకు కావలసిన మూడుంబావు నిమిషాలూ వేడి దాదాపు కదలలేదు. మోండా మార్కెట్ పూల దుకాణాన్ని ఆ రీలులో మళ్లీ తీశాను, ఈసారి వెనక మూల చీకటిగానే ఉంది. అందులో రెండు ఫ్రేములు మరీ చీకటై బంతిపూలు కూడా కనబడడం లేదు, అది నా అంచనా తప్పు.

ఇప్పుడు ఫ్రిజ్‌లో మూడు నలుపు తెలుపు రీళ్లు తీసినవి తీసినట్టే ఉన్నాయి. డిసెంబరులో తెల్లవారుజామున నల్లా నీళ్లు 21కి దిగుతాయి, అప్పుడు కడుగుతాను.