రాబెన్ ఐలండ్: రొట్టె లెక్క, లాగూ లెక్క

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వెళ్లేవాళ్లు, ఒకప్పుడు మండేలాను బంధించిన జైలు దీవి రాబెన్ ఐలండ్‌ను ప్రయాణం చివరికి పెట్టుకోకండి. అక్కడి ఎండాకాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఆ నెలల్లో ఆగ్నేయపు గాలి విసిరిందంటే పడవలు ఆపేస్తారు. జూన్, జులై, ఆగస్టుల్లో వాయవ్యం నుంచి తుఫాను గాలులు వస్తాయి. వచ్చిన మర్నాటికే టికెట్ తీసుకుంటే, ఆ రోజు పడవ కదలకపోయినా ఇంకో రోజు చేతిలో ఉంటుంది. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొని, వాటర్‌ఫ్రంట్‌లో క్లాక్ టవర్ పక్కనున్న నెల్సన్ మండేలా గేట్‌వేకి అరగంట ముందు చేరాలి. ఎంత ఎండ ఉన్నా స్వెట్టర్ కావాలి. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు మాత్ర వేసుకుని, పడవ వెనక భాగంలో కూర్చుంటే కుదుపు తక్కువ. రానుపోను, దీవి చూడటం అన్నీ కలిపి మూడున్నర గంటలు పడుతుంది.

దీవిలో బస్సు ఒక భాగం, జైలు ఒక భాగం. జైలు చూపించేవాళ్లలో చాలామంది ఒకప్పటి రాజకీయ ఖైదీలు. 27 ఏళ్ల నిర్బంధంలో మండేలా 18 ఏళ్లు, 1964 నుంచి 1982 దాకా, ఇక్కడే ఉన్నారు. ఆయన ఖైదీ సంఖ్య 466/64, అంటే 1964లో చేరిన 466వ మనిషి. బి సెక్షన్‌లో ఆయన సెల్ ముందు అందరూ ఫొటో కోసం తోసుకుంటారు. ఊచల్లోంచి చాప, దుప్పట్లు, చిన్న బల్ల, బకెట్ కనిపిస్తాయి. వరస కదులుతూ ఉంటుంది కాబట్టి అక్కడ నిలబడేది కొన్ని క్షణాలే. ఫొటో తొందర లేనివాళ్లు అందరికంటే వెనక ఉంటే నయం.

నా మట్టుకు నాకు ఆ సెల్ కంటే పెద్ద గదిలో పెట్టిన భోజనాల పట్టిక ముఖ్యం. అప్పటి వర్ణవివక్ష చట్టం ప్రకారం ఖైదీలను కూడా రంగును బట్టి విడగొట్టి తిండి తూచారు. మిశ్రమ జాతి వాళ్లకు, ఆసియా వాళ్లకు రోజుకు 4 ఔన్సుల రొట్టె. ఆఫ్రికన్లకు రొట్టే లేదు. మాంసం మొదటివాళ్లకు 6 ఔన్సులు, ఆఫ్రికన్లకు 5. చక్కెర 2, ఒకటిన్నర. జామ్ మొదటివాళ్లకు ఒక ఔన్సు, ఆఫ్రికన్లకు సున్నా. బట్టల్లోనూ అంతే. మండేలా తోటి ఖైదీ, భారతీయ మూలాలున్న అహ్మద్ కత్రాడాకు నిండు ప్యాంటు ఇచ్చారు, ఆయన కంటే వయసులో పెద్దవాళ్లయిన మండేలాకు, మరో తోటి ఖైదీ వాల్టర్ సిసులుకు చిన్నపిల్లల్లా పొట్టి లాగులు. దక్షిణాఫ్రికాలోనే డర్బన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లను కూడా ఆ చట్టం ఆసియా వరసలోనే రాసుకుంది. కాబట్టి ఆ పట్టికలో మనవాళ్ల గడి ఏదో వెతకాల్సిన పని లేదు.

ఒక తెల్లవారుజామున మండేలా సెల్‌లో పాత ఖాకీ ప్యాంటు పడి ఉంది. తోటివాళ్లకు ఇచ్చారా అని చూశారు. ఇవ్వలేదని తేలాక వార్డర్‌కు తిరిగిచ్చేశారు, ఆఫ్రికన్ ఖైదీలందరికీ ఇవ్వాల్సిందేనన్నారు. తిండి సమానం కావడానికి 1979 దాకా పట్టింది. గైడ్‌ను ఏదైనా అడగాలనుకుంటే ఈ పట్టిక దగ్గరే అడగండి, చెప్పడానికి వాళ్ల దగ్గర చాలా ఉంటుంది.

బస్సులో తిప్పుతూ, ఖైదీలతో పని చేయించిన సున్నపురాయి క్వారీ చూపిస్తారు. తెల్లరాతి మీద పడిన ఎండ మిరుమిట్లకు, ఆ దుమ్ముకు ఖైదీల కళ్లు పాడయ్యాయి. నల్ల కళ్లద్దాల కోసం కూడా ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. క్వారీ ముందున్న రాళ్ల కుప్ప 1995లో మాజీ ఖైదీలు తిరిగి కలిసినప్పుడు వేసుకున్నది.

పాన్ ఆఫ్రికనిస్ట్ కాంగ్రెస్ నాయకుడు రాబర్ట్ సొబుక్వేను ఉంచిన ఇల్లు దాటేటప్పుడు కిటికీ వైపు సీటులో ఉండండి. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మందిని కాల్చి చంపిన రోజు, ఆఫ్రికన్లు ఎక్కడికెళ్లినా అనుమతి పుస్తకం దగ్గరుంచుకోవాలనే పాస్ చట్టాల మీద నిరసనకు పిలుపిచ్చింది ఆయనే. పడిన మూడేళ్ల శిక్ష పూర్తయినా వదల్లేదు. ఆయన ఒక్కడి కోసం చట్టంలో క్లాజు చేర్చి, ఏటేటా పొడిగిస్తూ 1969 దాకా ఆ ఇంట్లో ఒంటరిగా ఉంచారు. పక్కనుంచి ఖైదీలు వెళ్తుంటే మాట్లాడే వీలు లేక, ఈ నేల బిడ్డలమే అన్న గుర్తుగా పిడికిట మట్టి తీసుకుని జారవిడిచేవారు. ఆయన పేరు మండేలా పేరంత మోగకపోవడం నాకు బాధగానే ఉంది.

ఉదయం పడవకు వెళ్తే మధ్యాహ్నం చేతిలో ఉంటుంది. 1990 ఫిబ్రవరి 11న విడుదలై మండేలా మాట్లాడిన సిటీ హాల్ బాల్కనీ, దాని దగ్గర్లోనే డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం చూడొచ్చు. 1966లో తెల్లవాళ్లకే అని ప్రకటించి, 60 వేల మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించిన పేట ఈ డిస్ట్రిక్ట్ సిక్స్. మ్యూజియం నేల మీద పరిచిన పటంలో, పాత వీధుల మీద, అక్కడి కుటుంబాలు తమ ఇళ్లు ఎక్కడుండేవో రాసుకున్నాయి. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో వెళ్లండి.