దద్దుర్లకు హోమియో వైద్యం: నా అనుభవం

నిన్న మధ్యాహ్నం విజయనగరం నుంచి వచ్చాను. కోపం ఇంకా తగ్గలేదు. తగ్గేలోపే రాసేస్తే నాలాంటి ఆడవాళ్లు ఎవరైనా చదివి జాగ్రత్తపడతారని కూర్చున్నాను.

మాది నరసన్నపేట దగ్గర పల్లె. 22 ఏళ్లుగా అంగన్‌వాడీలో పనిచేస్తున్నాను. సంక్రాంతి వెళ్లాక నాకు దద్దుర్లు మొదలయ్యాయి. దీపాలు పెట్టే వేళకి నడుం దగ్గర దురద పుడుతుంది. గంటలో వీపు, తొడలు, చేతులు రూపాయి బిళ్లలంత దద్దుర్లతో నిండిపోతాయి. తెల్లారేసరికి మచ్చ కూడా మిగలదు. పగలు డాక్టరుకి చూపిద్దామంటే చూపించడానికి ఏమీ ఉండదు. మందుల షాపులో సిట్రిజిన్ అనే అలర్జీ మాత్ర ఇచ్చారు. వేసుకున్న రోజు నిద్ర, మానేసిన రోజు గోకుడు. అలా నాలుగు నెలలు గడిచాయి.

మా ఇంట్లో హోమియో కొత్త కాదు. మా అత్తగారికి చిన్న రేకు పెట్టె ఉండేది. దెబ్బ తగిలితే ఆర్నికా, జలుబు మొదలైతే అకోనైట్, వానలో తడిసి ఒళ్లు పట్టేస్తే రస్టాక్స్. మా పిల్లలిద్దరూ ఆ తీపి మాత్రలతోనే పెరిగారు. జలుబులు తగ్గాయి కూడా. జలుబు వారంలో దానంతట అదే తగ్గుతుందని ఇప్పుడు అనగలను గానీ, అప్పట్లో అంతా మందు గొప్పతనమే అనుకునేవాళ్లం. అందుకే విజయనగరంలో ఉండే మా ఆడపడుచు ఫోన్ చేసి, "ఏటే, ఇంకా ఆ ఇంగ్లీషు మాత్రలే మింగుతున్నావా? అవి పైపైన అణిచేస్తాయి. హోమియో అయితే వేళ్లతో సహా పీకేస్తాది" అంటే నాకు కాదనాలనిపించలేదు.

ఆమదాలవలసలో రైలెక్కి వెళ్లాను. వదిన స్టేషనుకి వచ్చి పెద్ద ఏసీ క్లినిక్‌కి తీసుకెళ్లింది. గోడ మీద హోమియో కనిపెట్టిన హానిమన్ పటం, కింద పూలదండ. పేరు రాయించుకోవడం, బరువు, బీపీ పది నిమిషాల్లో అయిపోయాయి.

తర్వాత కేసు రాస్తామని లోపలికి పిలిచారు. గది అనేకంటే ప్లైవుడ్ అడ్డు అనాలి. తలుపు తీసే ఉంది, అవతల కుర్చీల్లో ఏడెనిమిది మంది. వదిన నా పక్కనే కూర్చుంది. ఒక చిన్న డాక్టరమ్మ కంప్యూటర్ ముందు కూర్చుని అడగడం మొదలెట్టింది. చలి పడదా, వేడి పడదా? దాహం ఎక్కువా? ఏ పక్కకి తిరిగి పడుకుంటారు? ఉప్పు ఇష్టమా, తీపి ఇష్టమా? ఉరుములంటే భయమా? కలల్లో ఏమొస్తాయి? నిజం చెప్పాలంటే నాకు బాగా నచ్చింది. పెళ్లయిన పాతికేళ్లలో నా నిద్ర గురించి, నా భయాల గురించి ఎవరూ అంతసేపు అడగలేదు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. హోమియోకి జనం ఎందుకు వెళ్తారో ఆ అరగంటలో అర్థమైంది.

అప్పుడు అడిగింది: "మీ నాన్నగారికి సిఫిలిస్ గానీ గనేరియా గానీ ఉండేదా?"

నాకు సరిగ్గా వినపడలేదనుకుని గొంతు పెంచింది. "సుఖవ్యాధులండీ. ఆయనకి బయట తిరుగుళ్లు ఉండేవా?"

అవతల కుర్చీల్లో మాటలు ఆగిపోయాయి. మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేశారు. షిఫ్టు దిగి నేరుగా ఇంటికొచ్చే మనిషి. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. "లేదమ్మా" అన్నాను. "మీకు తెలిసుండదు లెండి" అంటూ ఏదో టైపు చేసుకుంది. తర్వాతి ప్రశ్న: "మీ ఆయనకి?"

పక్కన ఉన్నది ఆయన సొంత అక్క. ఆవిడ మొహం చూడలేకపోయాను. పైట కొంగు వేలికి చుట్టుకుంటూ తల వంచుకుని కూర్చున్నాను. లేచి వచ్చేయాల్సింది. కాళ్లు రాలేదు. వదిన ఆ సాయంత్రమే శ్రీకాకుళంలో ఉన్న మా తోటికోడలికి ఫోన్ చేసి చెప్పింది. పది రోజుల్లో ఆ మాట మా ఊరు చేరింది, "ఆవిడకి ఆ జబ్బంట" అని మారి మరీ. ఒక చోట కాదు, మూడు చోట్ల విన్నాను.

ఎందుకు అడిగారో పెద్ద డాక్టరు తర్వాత చెప్పాడు. దీర్ఘకాలిక జబ్బులన్నిటికీ మూడు మూలాలని హానిమన్ 1828లో రాశారట: సోరా, సిఫిలిస్, సైకోసిస్. సిఫిలిస్, సైకోసిస్ సుఖవ్యాధుల సంబంధమైనవి, సోరా అంటే గజ్జి సంబంధమైనది. పైపూతలతో గజ్జిని అణిచేస్తే అది లోపలికి పోయి ఏళ్ల తర్వాత వేరే జబ్బుగా బయటపడుతుందని ఆ సిద్ధాంతం. "మీకు చిన్నప్పుడు గజ్జి అణిచేశారు, అదే ఇప్పుడు దద్దుర్లు" అని తేల్చాడు. నాకు చిన్నప్పుడు గజ్జే రాలేదు. పైగా గజ్జి సంగతి నాకు ఆయన చెప్పాలా? అది కంటికి సరిగ్గా ఆనని పురుగు చర్మంలో దూరి పెట్టేది. మా సెంటర్లో ఒక్క పిల్లాడికి వస్తే నేను ఇల్లిల్లూ తిరిగి, ఇంటిల్లిపాదీ పర్మెత్రిన్ రాసుకునేలా చూసి, దుప్పట్లు వేడినీళ్లలో ఉడకబెట్టిస్తాను. పురుగు చస్తే గజ్జి పోతుంది. లోపలికి పోయి దాక్కోదు. అలా పోగొట్టిన పిల్లలు ఇప్పుడు డిగ్రీలు చదువుతున్నారు.

ఇంకో మాట. నేనూ ఆడవాళ్లని అడగరానివి అడుగుతాను. నెలసరి తప్పిందా, తెల్లబట్ట అవుతోందా, ఇంతకు ముందు కడుపు పోయిందా. ఈ 22 ఏళ్లలో అత్తగారి ముందు ఏ కోడల్నీ అడగలేదు. అత్తగారిని బియ్యం తూకానికి పంపించి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడుగుతాను. నాకు జీతం ఎంతో అందరికీ తెలుసు. ఆ పాటి మర్యాదకి ఏసీ అక్కర్లేదు.

అంత జరిగాక కూడా డబ్బు కట్టాను. ఏడాది ప్యాకేజీ 28,000 అన్నారు. నా దగ్గర అంత లేదంటే మూడు నెలలకి 9,000 కట్టించుకున్నారు. సిట్రిజిన్ పూర్తిగా మానేయాలని, మొదట్లో దద్దుర్లు పెరుగుతాయని, పెరిగితే మందు పనిచేస్తున్నట్టేనని చెప్పారు.

పెరిగాయి. ఫోన్ చేస్తే "మంచిదే" అన్నారు. ఆరో రాత్రి పై పెదవి వాచి ముక్కుకి తగిలింది. నాలుక బరువెక్కి మాట ముద్దగా వచ్చింది, ఊపిరి పట్టేసింది. మా అమ్మాయి 108కి ఫోన్ చేసింది. సర్కారు ఆసుపత్రిలో ఇంజెక్షన్లు ఇచ్చి తెల్లవార్లూ ఆక్సిజన్ పెట్టారు. పెదవి, నాలుక వాస్తే ఏ మాత్రల కోసమూ చూడకూడదు, వెంటనే బండెక్కాలి. మా సెంటర్లో తల్లులందరికీ ఇప్పుడు ఇది చెబుతున్నాను.

అక్కడి డాక్టరుగారు తిట్టారు, కానీ విడమరిచి చెప్పారు. దద్దుర్లు ఆరు వారాలు దాటితే దీర్ఘకాలికం కింద లెక్క. చాలామందిలో కారణమంటూ దొరకదు. కొన్ని నెలలకో, ఏళ్లకో దానంతట అదే తగ్గుతుంది. థైరాయిడ్ తేడా ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుందని రక్తపరీక్ష రాశారు. నాకు థైరాయిడ్ తక్కువగా ఉందని బయటపడింది. అలసట, జుట్టు రాలడం వయసు వల్లనుకున్నాను ఇన్నాళ్లూ. దానికి పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర, దద్దుర్లకి నిద్రమత్తు రాని మాత్ర రోజుకి రెండు పూటలా ఇచ్చారు. మామూలుగా ఒక పూటే, నాకు చాలక పెంచారు. అలా పెంచడం డాక్టరు చేయాలి, మనం కాదు. ఇప్పటికి ఏడు వారాలుగా దద్దురు లేదు.

హోమియో డాక్టర్లందరూ ఇంతేనని అనను. మా అత్తగారు వెళ్లే పెద్దాయన ఒకరుండేవారు. ఆవిడ బీపీ మాత్ర ఆపమని ఆయన ఎన్నడూ అనలేదు. రేకు పెట్టె మాత్రం నేను ఇక తెరవను. కారణం మా అమ్మాయి. ఇంటర్ బైపీసీ చదువుతోంది. నిన్న నాతో వచ్చింది. వదినకి చెప్పలేదు. మీరు వెళ్లినా కూతుర్నో స్నేహితురాలినో తీసుకెళ్లండి, అత్తింటివారిని వద్దు. వెళ్లేటప్పుడు రైల్లో, క్లినిక్‌ వాళ్లిచ్చిన మందు సీసా మీద 30సి అని చూసి నోటు పుస్తకం తీసింది. ఒక చుక్క మందు, 99 చుక్కల స్పిరిట్, కుదిపి అందులోంచి మళ్లీ ఒక చుక్క, అలా 30 సార్లు. పొందూరు వచ్చేసరికి పన్నెండో సారి దగ్గర ఆగింది. "అమ్మా, మోల్ అనే ఒక కొలత పదార్థంలో ఉండే అణువుల లెక్కని అవగాడ్రో సంఖ్య అంటారు, అది 6.022 ఇంటు పది పవర్ 23. పన్నెండో సారికే పది పవర్ 24 వంతులైపోయింది. ఇక్కడికే అసలు మందు అణువు ఒక్కటైనా ఉంటుందో లేదో. ఇంకా 18 సార్లు కలపాలి" అంది. చీపురుపల్లి దాటేదాకా నేను ఆ కాగితమే చూస్తూ కూర్చున్నాను.

నిన్న వెళ్లింది మిగిలిన డబ్బు అడగడానికి. ఇవ్వలేదు, రసీదు వెనక చిన్న అక్షరాలు చూపించారు. అయితే నా కేసు కాగితాలు ఇమ్మన్నాను. ఇచ్చేది లేదన్నారు. "నా ఒంటి గురించి, నా ఇంటి గురించి రాసినవి చూసే హక్కు నాకుంది" అని రిసెప్షన్ ముందే నిలబడ్డాను. ఈసారి నేనే గొంతు పెంచాను. పావుగంట తర్వాత ప్రింటు తీసి ఇచ్చారు. రెండో పేజీలో తండ్రి అన్న చోట "సిఫిలిస్" అని, పక్కన ప్రశ్న గుర్తు.

ఆ డాక్టరమ్మని పిలిపించాను. "మా నాన్న పేరు మీద ఈ మాట ఉండకూడదు తల్లీ" అన్నాను. ఆ పిల్ల మొహం పాలిపోయింది. "సారీ అండీ, ఫార్మాట్‌లో ఉంటుంది, అడగమంటారు" అంది. కంప్యూటర్లో తీసేయించాను. నా చేతిలో ఉన్న కాగితం మీద ఆ మాటని ఆమె చేతే కొట్టేయించి, పక్కన సంతకం, తేదీ వేయించుకుని స్టేషనుకి వచ్చాం.