సమాధానం

మన బోర్డింగు హాస్టల్లో నాతో చదువుకున్న మీ అందరి కోసం మన సంచికలో ఇది రాస్తున్నాను. మన బోర్డింగులో గంట అంటే వేప కొమ్మకు ఇనుప తీగతో కట్టిన రైలు పట్టా ముక్క. డోర్నకల్ జంక్షన్‌లో పట్టా ముక్కలకేం కరువు! పదో తరగతిలో నన్ను లీడర్‌ని చేసినప్పుడు వార్డెన్‌గా ఉన్న పాస్టరు అయ్యగారు నా చేతికిచ్చింది ఆ గంట కొట్టే బోల్టు ఒక్కటే. రోజూ పొద్దున్నే ఐదింటికి కొట్టాలి. మొదటివారం రెండుసార్లు మెలకువ రాలేదు. ఒక అలారం గడియారం ఇప్పించమని అడిగితే, "అందర్నీ లేపేవాణ్ణి ఎవరు లేపుతార్రా? నువ్వే లేవాలి" అన్నారు. కొత్తగూడెం వైపు నుంచి బొగ్గు గూడ్సు వచ్చే చప్పుడుకి లేవడం నెమ్మదిగా అలవాటు చేసుకున్నాను. నలభై ఏళ్ళు కావస్తోంది, ఇప్పటికీ నాకు అలారం అక్కర్లేదు.

లేవడమైతే వచ్చింది గాని, దాంతో పాటే పొగరూ ఎక్కింది. గంట నా చేతిలో ఉంది కాబట్టి అరవైమంది పిల్లలూ నా చేతిలో ఉన్నారనుకున్నాను. ఆలస్యంగా లేచినవాడి మీద నీళ్ళు పోశాను. చిన్న క్లాసుల పిల్లల చేత నా పళ్ళెం కడిగించుకున్నాను. ఇవన్నీ మీరు చూసినవే.

ఆ ఏడు క్వార్టర్లీ సెలవులకు ముందు, ఒక గురువారం, నా పెట్టెలో దాచుకున్న పది రూపాయల నోటు కనబడలేదు. అప్పట్లో మాకు పది రూపాయలంటే నెల ఖర్చు. మా వరస ఊడ్చే పని బయ్యారం వైపు తండా నుంచి వచ్చిన ఆరో తరగతి పిల్లాడిది. వాడి పేరు ఇక్కడ రాయడం లేదు, ఎవరో మీకు తెలుసు. ఎవర్నీ అడగలేదు, ఏదీ వెతకలేదు. వేప చెట్టు కింద వాణ్ణి మోకాళ్ళ మీద కూర్చోబెట్టాను. రాత్రి అన్నానికి అందరూ పళ్ళేలు పట్టుకుని వరసగా వాడి ముందు నుంచే వెళ్ళారు. "నేను తియ్యలేదన్నా" అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు. అనకపోయేసరికి, తీశాడు కాబట్టే ఊరుకున్నాడని అందరికీ చెప్పాను.

ఆదివారం సంస్కారపు ఆరాధన, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన. మన పెద్ద గుడి, అంటే మన చర్చి, సంగతి మీకు చెప్పక్కర్లేదు, పైన మసీదులా గుమ్మటాలు, లోపల గుడి మండపంలా రాతి స్తంభాలు. అజరయ్య బిషప్‌గారు ఏళ్ళ తరబడి కట్టించి 1939లో ప్రతిష్ఠించిన గుడి. అయ్యగారు ఆయన గురించి ఎప్పుడూ చెప్పేవారు. తిరునెల్వేలి తమిళుడు, పెద్దయ్యాక మన మధ్యకొచ్చి తెలుగు నేర్చుకున్నాడని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చి శాఖలో, మొదటి భారతీయ బిషప్ అయ్యాడని. 1910లో ఎడిన్‌బరోలో తెల్ల మిషనరీల పెద్ద సభలో ముప్పై ఐదేళ్ళ వయసులో నిలబడి, మాకు ఎంతో ఇచ్చారు, ప్రేమ కూడా కావాలి, స్నేహితులనివ్వండి అని అడిగాడని. ఆ మాట వచ్చినప్పుడల్లా అయ్యగారు కాసేపు ఆగేవారు. తగ్గించుకోవడమంటే తల వంచుకుని నిలబడడం అని నేననుకునేవాణ్ణి. ఎదుటివాళ్ళు ఎంత గొప్పవాళ్ళైనా ఉన్న మాట చెప్పడం, ఎంత చిన్నవాళ్ళైనా వాళ్ళ దగ్గర నేర్చుకోవడం, ఈ రెండూ అందులోనివేనని అయ్యగారు చెబితే అప్పుడు నా బుర్రకెక్కలేదు.

1947లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడ్డాక, 1950లో తయారైన సంస్కార క్రమంలో 'సమాధానం', అంటే శాంతి, ఒకరికొకరు ఇచ్చుకోవడం ఉంది. అయ్యగారు ముందున్న సంస్కారపు బల్ల దగ్గర నుంచి మొదలుపెడితే అది చేతి నుంచి చేతికి గుడంతా పాకుతుంది. కుడి అరచేయి ఎదుటివాడి అరచేతికి ఆనించి, ఎడమ చెయ్యి పైన మూస్తాం. ఆ రోజు ముందు వరసలోని సంఘ పెద్ద నాకిచ్చాడు. నేను వెనక్కి తిరిగాను. నా వెనక వాడే ఉన్నాడు. చెయ్యి చాపాను, "నీకు సమాధానం" అన్నాను. వాడు తల ఎత్తలేదు. వాడి చెయ్యి నా రెండు చేతుల మధ్య ఉందన్నమాటే గాని, వేళ్ళు ముడుచుకునే ఉన్నాయి.

తర్వాత కానుకల పాట. పాటల పుస్తకం తీస్తే మధ్యలో పది రూపాయల నోటు ఉంది.

నేనే పెట్టుకున్నాను. పోయిన ఆదివారం కానుకకు చిల్లర తీసినప్పుడు నలగకుండా ఉంటుందని పుస్తకంలో పెట్టి మరిచిపోయాను. కానుక సంచీ నా ముందుకు వచ్చింది. ఆ నోటు అందులో వెయ్యడానికి చెయ్యి రాలేదు. రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి బల్ల దగ్గరికి కూడా వెళ్ళలేదు. ఆ వేసవిలోనే కన్ఫర్మేషన్ అయి బల్లకు వెళ్ళే అర్హత వచ్చినవాణ్ణి, అందరూ లేస్తుంటే ఒక్కణ్ణే కూర్చుండిపోయాను.

మధ్యాహ్నం అయ్యగారు పిలిచారు. అంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆయన మత్తయి సువార్త ఐదో అధ్యాయం తీసి, అర్పణ బల్ల దగ్గరే వదిలిపెట్టి ముందు సహోదరుడితో సమాధానపడమన్న మాట చూపించారు. తర్వాత ఒక్కటే అడిగారు.

"వాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టావు?"

"వేప చెట్టు కిందండి. అందరి ముందూ."

"మరి ఎక్కడ చెప్పాలి?"

"మీరు కూడా వస్తారా అయ్యగారూ?"

"పొద్దున్నే నిన్ను లేపడానికి నేనొస్తున్నానా?" అని బైబిలు మూసి లోపలికి వెళ్ళిపోయారు.

రాత్రి ప్రార్థనకు ముందు వేళకాని వేళ గంట కొట్టాను. అందరూ చెట్టు కిందికొచ్చారు. నోరు ఎండిపోయింది, కాళ్ళు వణికాయి. నోటు పైకెత్తి చూపించి, ఇది నా పుస్తకంలోనే ఉంది, తమ్ముడు తియ్యలేదు, నేను అబద్ధం చెప్పాను అన్నాను. వాడి దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాను. వాడు క్షమించాననలేదు, ఏడవనూ లేదు. నా ముఖంలోకి చూసి మెల్లగా అడిగాడు.

"మా బాపుకు కబురు పెట్టిన్రా అన్నా?"

లేదన్నాను. అప్పుడు ఊపిరి వదిలాడు. మూడు రాత్రులు ఆ పిల్లాడు నిద్రపోకుండా భయపడింది దానికి. నేను నా నోటు గురించి, తర్వాత నా పాపం గురించి, ఆ తర్వాత నా పరువు గురించి ఆలోచించాను గాని, వాడు రాత్రంతా ఏం ఆలోచిస్తున్నాడన్నది ఒక్కసారీ తట్టలేదు. ఇప్పటికీ నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ సంగతే.

తర్వాత నేను కరెంటు డిపార్టుమెంటులో చేరాను. పదిమంది లైన్‌మెన్‌ల మీద పెద్దగా ఉన్నాను. ఒకసారి ఒక హెల్పరును లైన్ క్లియర్, అంటే పనికి ముందు లైనులో కరెంటు ఆపించే అనుమతి, సరిగ్గా తీసుకోలేదని సబ్‌స్టేషన్ వాకిట్లో అందరూ వినేటట్టు కేకలేశాను. సాయంత్రం లాగ్ బుక్కు చూస్తే ఏ ఫీడరు లైనో తప్పు చెప్పింది నేనే. మర్నాడు పొద్దున్నే అదే వాకిట్లో, అదే మనుషుల ముందు, నాదే తప్పని చెప్పాను. అప్పుడు కూడా నోరు ఎండింది. అలవాటైతే సులువవుతుందంటారు గాని, నాకు మాత్రం కాలేదు.

ఆ పిల్లాడు టీచరయ్యాడు. ప్రతి క్రిస్మస్‌కీ ఫోన్ చేస్తాడు. మా అమ్మ పోయినప్పుడు అందరికంటే ముందొచ్చి పాడె పట్టాడు. అన్నా అనే పిలుస్తాడు, ఆ పిలుపు నేను సంపాదించుకున్నది కాదు, వాడిచ్చింది.

పోయినేడు మనం కలుసుకున్నప్పుడు భోజనాల దగ్గర ఒకరు నవ్వుతూ వాడి భుజం మీద చెయ్యి వేసి, "పది రూపాయల దొంగవి నువ్వే కదూ!" అన్నారు. వాడూ నవ్వాడు. నేను పక్కనే ఉన్నాను. అన్న మనిషిది తప్పు కాదు. క్వార్టర్లీ సెలవులకని శనివారమే రైలెక్కి ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. గురువారం రాత్రి చూశారు, ఆదివారం రాత్రి చూడలేదు. తిరిగొచ్చాక మీకూ పిలిచి చెప్పాల్సింది నేను. చెప్పలేదు. ఒకసారి చెప్పాను కదా, అయిపోయిందనుకున్నాను.

అందుకే సంచికకు వ్యాసం రాయమనగానే వాడికి ఫోన్ చేసి, ఈ సంగతి రాయనా అని అడిగాను. "పేరొద్దన్నా, మిగతాది రాయి" అన్నాడు. ఆ శనివారం ఇంటికి వెళ్ళిపోయిన మీ అందరికీ చెబుతున్నాను. మన బోర్డింగులో ఆ రోజు దొంగతనం జరగలేదు. నోటు నా పాటల పుస్తకంలోనే ఉంది.