టైప్ వన్నా, టైప్ త్రీనా?

సెలవు మీద హైదరాబాద్ వచ్చినప్పుడల్లా రామ్‌నగర్‌లో మా పెద్దమ్మ అడిగేది ఒకటే: "మంచుల పడి కాళ్లు చేతులు ఇరగ్గొట్టుకునేటోళ్ల దగ్గర ఏం నౌకరిరా నీది?" కెనడాలోని విస్లర్‌లో, మంచు మీద జారడానికి కాళ్లకు తగిలించుకునే పొడవాటి పలకలు, అంటే స్కీలు, అద్దెకిచ్చే షాపులో నేను టెక్నీషియన్‌ని. 2010 వింటర్ ఒలింపిక్స్‌లో ఆల్పైన్ స్కీయింగ్ పోటీలు జరిగింది అక్కడే. కొండ మీంచి అంత వేగంతో జారేవాళ్లకు ప్రాణమంటే లెక్కలేదని పెద్దమ్మ నమ్మకం. వాళ్లను రోజూ దగ్గర్నుంచి చూస్తాను కాబట్టి ఆ మాట నేను ఒప్పుకోను.

మా దగ్గర స్కీలు తీసుకోవాలంటే ముందు ఫారం నింపాలి. బరువు, ఎత్తు, వయసు రాశాక, మీరు ఎలాంటి స్కీయర్ అనే ప్రశ్న వస్తుంది. జాగ్రత్తగా, నెమ్మదిగా జారేవాళ్లు టైప్ వన్. నిటారు వాలుల్లో వేగంగా, దూకుడుగా వెళ్లేవాళ్లు టైప్ త్రీ. మధ్యలో వాళ్లు టైప్ టూ. ఎవరికి వాళ్లే టిక్ పెట్టుకోవాలి, మేం చెప్పకూడదు. ఆ వివరాలకు బూటు అడుగు పొడవు కలిపి చార్టులో ఒక నంబరు చూస్తాం. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌కి ముందూ వెనకా చిన్న కిటికీలు ఉంటాయి. వాటిలో గీత ఆ నంబరు మీదికి వచ్చేదాకా స్క్రూడ్రైవర్ తిప్పుతాను. నంబరు తక్కువైతే మామూలు మలుపులోనే స్కీ ఊడిపోతుంది. ఎక్కువైతే పడ్డప్పుడు కూడా ఊడదు, స్కీతో పాటు కాలూ మెలిపడుతుంది. తన గురించి మనిషి ఎంత నిజం చెప్పాడన్న దాని మీద అతని కాలు ఆధారపడి ఉంటుంది.

నాకు టెన్షన్ పెట్టేది ఫ్రెండ్స్ ముందు తగ్గకూడదని టైప్ త్రీకి టిక్ పెట్టే కొత్తవాళ్లు. ఇంతకుముందు ఎక్కడ స్కీయింగ్ చేశారని అడిగితే చాలామంది నవ్వేసి టిక్ మార్చుకుంటారు. అసలైన టైప్ త్రీల పద్ధతి వేరు. స్కీ రిసార్ట్ హద్దులు దాటి కొండల్లోకి వెళ్లేవాళ్లు పొద్దున్నే మంచు చరియలు విరిగిపడే ప్రమాదం గురించిన హెచ్చరిక చదువుతారు. ఐదు స్థాయుల్లో ఆ రోజు ప్రమాదం ఎంతుందో చూసి, ఎక్కువుంటే ఇష్టమైన వాలునైనా వదిలేస్తారు. బీకన్ (మంచులో కూరుకుపోయినవాళ్ల జాడ చెప్పే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార లేనిదే కదలరు. మంచు కింద కూరుకుపోయిన మనిషికి ఉండేది నిమిషాల గడువే. రెస్క్యూ టీమ్ వచ్చేలోపు పక్కవాడే వెతికి తవ్వాలి. అందుకే ఎవరితో వెళ్లాలన్న దగ్గర వాళ్లు మొహమాటపడరు.

ఇలా ఉత్కంఠ కోసం వెతికే స్వభావాన్ని 'సెన్సేషన్ సీకింగ్' అంటారు. అమెరికన్ మనస్తత్వవేత్త మార్విన్ జుకర్‌మన్ 1964 నుంచే దీన్ని కొలవడానికి ప్రశ్నావళులు తయారుచేశాడు. ఆయన దాన్ని నాలుగు పాయలుగా చూశాడు: సాహసాల మీద మోజు, కొత్త అనుభవాల కోసం వెతుకులాట, అదుపు వదిలేసే గుణం, విసుగును భరించలేకపోవడం. ఇందులో నాకు బాగా నచ్చింది, మొదటిది నిండా ఉన్న మనిషికి మూడోది తక్కువ ఉండొచ్చన్న సంగతి. అలాంటివాళ్లను రోజూ చూస్తున్నాను. వాళ్లకు కావలసింది ఆ అనుభూతి. ప్రమాదం దానికి కట్టే ధర, దాన్ని వీలైనంత తగ్గించుకోవాలనే చూస్తారు. ఈ స్వభావంలో కొంత పుట్టుకతోనే వస్తుందని, పద్దెనిమిది, ఇరవై ఏళ్ల ప్రాయంలో బాగా ఎక్కువగా ఉండి తర్వాత తగ్గుతుందని కూడా పరిశోధనలు చెబుతున్నాయి.

ఆ ప్రాయంలోనే ఉన్నాడు మా పెద్దమ్మ మనవడు. రాత్రి పదకొండు దాటాక నెక్లెస్ రోడ్డు మీద బైక్ తోలతాడు, హెల్మెట్ మోచేతికి తగిలించుకుని. నేను అడిగితే, "ఏం కాదు బాబాయ్, కంట్రోల్‌లనే ఉంటది" అన్నాడు. ఇంట్లో రోజూ తిట్లే. తిడితే ఆ వేడి చల్లారదు. వాడికి లేనిదల్లా ఫారం ఇచ్చి, నంబరు చూసి, స్క్రూ బిగించే మనిషి.

హైదరాబాద్‌కి యాభై కిలోమీటర్ల దూరంలో భువనగిరి గుట్ట ఉంది. అక్కడ రాక్ క్లైంబింగ్ నేర్పిస్తారు. 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట శిక్షణ పొందింది ఆ రాళ్ల మీదే. నేను మళ్లీ విమానం ఎక్కేలోపు వీణ్ణి అక్కడికి తీసుకెళ్తున్నాను. పెద్దమ్మకి ఇంకా చెప్పలేదు. అన్నయ్య మాత్రం బైక్ తాళం ఇంట్లో పెట్టి, బస్సులో పోతామంటేనే ఒప్పుకున్నాడు.