వేలిముద్రలు పడని మా అమ్మకు ఆధార్ అప్‌డేట్ చేయించాను

మా అమ్మ పలాసలో ముప్పై ఏళ్ళకు పైగా జీడిపిక్కలు కొట్టింది. పిక్క పగిలినప్పుడు తొక్కలోంచి కారే జీడి చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిద పూసుకున్నా, నూనె రాసుకున్నా వేళ్ళ కొసలు నల్లబడి, పొరలు పొరలుగా ఊడి, కొన్నేళ్ళకు గీతలన్నవే కనిపించకుండా పోతాయి. అమ్మ బొటనవేలు వెలుతురులో పెట్టి చూస్తే ఏటి ఒడ్డున గులకరాయిలా నున్నగా ఉంటుంది.

నాన్న పోయాక అమ్మను విశాఖపట్నం తీసుకొచ్చేశాను. మాది మర్రిపాలెం. నాన్న తాలూకు ఈపీఎఫ్ పింఛను ఇప్పుడు అమ్మకు వస్తోంది. దానికి ఏటా లైఫ్ సర్టిఫికెట్, అంటే మనిషి బతికే ఉన్నారన్న రుజువు, ఇవ్వాలి. మొన్న నవంబరులో ఆ పని మీద వెళ్తే వేలిముద్ర పడలేదు. ఫోన్లో ముఖం చూపించి కూడా చేయొచ్చు కదా అని ప్రయత్నిస్తే అదీ కుదరలేదు. ఆధార్‌లో ఉన్నది ఊళ్ళో మొదట్లో తీసిన ఫొటో. అప్పటి మనిషికీ ఇప్పటి మనిషికీ పోలికే లేదు. కార్డుకు ఫోన్ నంబరు లింకు అవ్వలేదు. అడ్రసు ఇంకా పలాసదే. ఇక అన్నీ ఒకేసారి మార్పించేద్దామని బయల్దేరాం.

మొదట వెళ్ళిన సెంటర్‌లో ఆపరేటరు అమ్మ చేతిని మెషీను మీద అటూ ఇటూ నొక్కి చూసి, ‘ముద్రలు పడవండీ, పనవ్వదు, తీసుకెళ్ళిపోండి’ అన్నాడు. అన్నది నాతో. ఎదురుగా కూర్చున్న అమ్మతో ఒక్క మాటా లేదు. వెనక వరసలో ఎవరో నిమ్మకాయ రుద్దితే పడతాయన్నారు. ఆ సాయంత్రం అమ్మ నిమ్మచెక్క పెట్టుకుని వేళ్ళు తోముతూనే ఉంది. వద్దమ్మా అంటే వినదే. ‘ఏటి బాబూ, ఈ సేతుల్తోనే కదా మిమ్మల్ని సాకినాను. ఇప్పుడివి పనికిరావంతన్నారేటి?’ అంది. నాకు గుండెలో పొడిచినట్టయింది. ఆ మాట అనిపించినవాళ్ళ మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మర్నాడు 1947కి ఫోన్ చేశాను. అది ఆధార్ హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ ఎత్తినావిడ విషయమంతా విని చెప్పింది ఒక్కటే: వేలిముద్రలు సరిగ్గా రానివాళ్ళకు కనుపాప స్కాన్ సరిపోతుంది, వెనక్కి పంపకూడదు. ఆ తర్వాత నేను కూడా వెతికి చదివాను. 2023 డిసెంబరులో కేరళలో చేతివేళ్ళే లేని ఒక మహిళకు ఆధార్ రాకపోతే కేంద్రం జోక్యం చేసుకుని ఇప్పించింది. ముద్రలు పడనివాళ్ళకు కనుపాపతో, కనుపాప రానివాళ్ళకు వేలిముద్రలతో, రెండూ లేనివాళ్ళకు కూడా ఆధార్ ఇవ్వాల్సిందేనని అప్పుడు మళ్ళీ స్పష్టంగా చెప్పారు. అంటే దారి ఎప్పట్నుంచో ఉంది. కౌంటర్లో కూర్చున్నవాళ్ళు చెప్పకపోతే మనలాంటివాళ్ళకు తెలిసేదెలా?

ఈసారి ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని ఆధార్ సేవా కేంద్రానికి వెళ్ళాం. ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గర ట్రాఫిక్ తెలిసిందే కాబట్టి పెందలాడే ఆటో ఎక్కాం. లోపల టోకెన్ ఇస్తారు. ఒకచోట కాగితాలు చూస్తారు, ఇంకోచోట డబ్బు కడతాం, తర్వాత ఆపరేటరు దగ్గరికి పిలుస్తారు. బయోమెట్రిక్ (వేలిముద్రలు, కనుపాప, ఫొటో) అప్‌డేట్‌కు 2025 అక్టోబరు నుంచి 125 రూపాయలు. దాంతోపాటు అడ్రసు, ఫోన్ నంబరు మార్చుకున్నా వేరే కట్టక్కర్లేదు. రసీదు అడిగి తీసుకోండి.

అమ్మ పేరు మీద కరెంటు బిల్లు లేదు, అద్దె అగ్రిమెంటు లేదు. కొడుకింట్లో ఉండే తల్లికి అవి ఎక్కణ్ణుంచి వస్తాయి? దీనికి ‘ఇంటి పెద్ద’ పద్ధతి ఉంది. నా ఆధార్‌లో ఉన్న అడ్రసే అమ్మకు కూడా పెడతారు. ఆవిడ మా అమ్మే అనడానికి ఒక రుజువు కావాలి. నా పాస్‌పోర్టులో తల్లి పేరు ఉంటుంది కనుక అది పట్టుకెళ్ళాను. నేను కూడా అక్కడే వేలు పెట్టి ఒప్పుకోవాలి, కాబట్టి ఎవరి అడ్రసు వాడుతున్నారో వాళ్ళు వెంట ఉండాలి. అసలు కాగితాలు స్కాన్ చేసి మళ్ళీ చేతికిచ్చేశారు.

ఆపరేటరు చిన్నమ్మాయి. కూర్చోగానే అమ్మ చేతులు తన చేతుల్లోకి తీసుకుని, ‘ఏం పని చేసేవారు మామ్మగారూ?’ అని అడిగింది. అమ్మ చెబుతూ ఉంటే వింటూనే తడిగుడ్డతో వేళ్ళు తుడిచింది. ఎడమచెయ్యి నాలుగు వేళ్ళు, కుడిచెయ్యి నాలుగు, తర్వాత రెండు బొటనవేళ్ళు. తెర మీద ఎర్రగడులే వచ్చాయి, అంటే ముద్రలు సరిగ్గా పడలేదన్నమాట. కొన్నిసార్లు ప్రయత్నించాక వచ్చినంతవరకు తీసుకుని ముందుకెళ్ళే వీలుంటుందట, అలాగే చేసింది. తర్వాత బైనాక్యులర్ లాంటి మెషీను అమ్మ కళ్ళ ముందు పెట్టి, ‘కళ్ళు బాగా తెరవండి, రెప్ప వెయ్యకండి’ అంది. అమ్మ ఊపిరి కూడా బిగబట్టింది. రెండు కళ్ళూ ఒక్కసారికే వచ్చేశాయి. ‘అయిపోయింది మామ్మగారూ, మీ కళ్ళు బంగారం’ అంటే అమ్మ నావైపు తిరిగి నవ్విన నవ్వు చూడాలి.

మనవైపు తిరిగి ఉండే తెరను తప్పకుండా చదవండి. ఇంగ్లీషులో కొడితే తెలుగు దానంతటదే పడుతుంది, మా మర్రిపాలెం కాస్తా మారిపాలెం అయింది. చెప్పగానే దిద్దింది. ఫోన్ నంబరు నాది ఇవ్వమన్నారు ఇంట్లో. నేను అమ్మ నంబరే ఇచ్చాను. ఓటీపీ ఆవిడకే రావాలి, ఆవిడ పింఛను విషయం ఆవిడకే ముందు తెలియాలి. పుట్టినతేదీ జనవరి 1 అని ఉంది, ఆ తరంలో చాలామందికి అలాగే రాసేశారు. దాన్ని మార్చే వీలు ఒక్కసారే, అమ్మకు జనన ధ్రువపత్రం లేదు, కాబట్టి జోలికి పోలేదు.

చివర్లో ఇచ్చే స్లిప్పు మీదున్న నంబరుతో మైఆధార్ సైట్‌లో స్టేటస్ చూసుకోవచ్చు. 90 రోజుల దాకా పట్టొచ్చని చెబుతారు గానీ మాకు చాలా ముందే అమ్మ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేశాను. పాస్‌వర్డు ఇంగ్లీషులో పేరు మొదటి నాలుగు పెద్దక్షరాలు, వెనక పుట్టిన సంవత్సరం. కొత్త ఫొటో పడింది కాబట్టి లైఫ్ సర్టిఫికెట్‌కు ఈసారి వేలు అక్కర్లేకపోయింది. కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఫోన్లో ముఖం చూపిస్తే ఇంట్లోనే అయిపోయింది.

పలాస, కాశీబుగ్గ, మందస, సోంపేట వైపు నుంచి తల్లుల్ని ఇక్కడికి తెచ్చుకున్నవాళ్ళు మా పేటలోనే చాలామంది ఉన్నారు. జీడి పని చేసినవాళ్ళే కాదు, సున్నం పని, బట్టలుతికే పని చేసినవాళ్ళకూ ఇదే బాధ. కౌంటర్లో ముద్ర పడలేదంటే లేచి వచ్చేయకండి, ఐరిస్ (కనుపాప స్కాన్) తీయమని అడగండి. కాదంటే అక్కడ నిలబడే 1947కి ఫోన్ చేయండి.