మాయామాళవగౌళకు మెట్లు జరపాలి

అమెరికాలో పిల్లలకు కర్ణాటక సంగీతం చెప్పించే తెలుగు ఇళ్ళలో చాలాచోట్ల ఓ మూలన గుడ్డ కప్పిన వీణ కనిపిస్తుంది. ఎంతో ముచ్చటపడి, ఎవరినో బతిమాలి, సామానుతో పాటు భద్రంగా తెప్పించుకున్నది. దాన్ని చూస్తే నాకు గౌరవమూ కలుగుతుంది, బెంగా కలుగుతుంది. నాలుగడుగుల పొడవుండే వాద్యం. చలికాలమంతా హీటరు నడిచే ఇంట్లో గాలి పొడిబారి కొయ్యకు ఇబ్బంది, స్వరాల కోసం తీగల కింద అమర్చే మెట్లను పట్టి ఉంచే మైనానికీ ఇబ్బంది. పెద్దవాళ్ళకు భయం. దాంతో పిల్లలకు ఆ వీణ గురించి బాగా తెలిసిన సంగతి ఒక్కటే, దాన్ని ముట్టుకోకూడదని.

మాది విజయనగరం జిల్లా. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి, పొడవాటి దండీ, గుండ్రటి కుండా ఒకే కొయ్యలో తీసే పనివాళ్ళను చిన్నప్పుడు దగ్గర నుంచి చూశాను. వీణ అంటే నాకు ప్రాణం. అయినా పిల్లల మొదటి వాద్యం వాళ్ళు ఒంటిచేత్తో మోయగలిగేదిగా ఉండాలని, పాడైతే వాళ్ళే బాగుచేసుకోగలగాలని, కుదిరితే వాళ్ళ చేతుల్లోనే తయారు కావాలని నేను గట్టిగా నమ్ముతాను.

మేముండేది తూర్పు టెనెస్సీలో, అపలాచియన్ కొండల అంచున. ఈ కొండల సొంత వాద్యం మౌంటెన్ డల్సిమర్. సన్నని, పొడవైన చెక్క పెట్టె, మూడో నాలుగో తీగలు, ఒళ్ళో పెట్టుకుని వాయిస్తారు. జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళు వెంట తెచ్చుకున్న షైట్‌హోల్ట్ అనే వాద్యం దీనికి పూర్వరూపమని చెబుతారు. స్కాట్లండు, ఐర్లండుల నుంచి వచ్చి కొండల్లో స్థిరపడినవాళ్ళు తమ పాటలకు తగ్గట్టు, దొరికిన చెక్కతో, ఉన్న పనిముట్లతో ఇళ్ళలోనే దీన్ని చేసుకున్నారు. కెంటకీ కొండల్లో పుట్టిన జీన్ రిచీ (1922–2015) న్యూయార్క్ వెళ్ళి పాడిన తర్వాతే బయటి లోకం దీన్ని బాగా గుర్తించింది. వలస వచ్చినవాళ్ళ ఇళ్ళలో రూపుదిద్దుకున్న వాద్యం కాబట్టి నాకు దీని మీద మొదటి నుంచీ ప్రత్యేకమైన అభిమానం.

మా అమ్మాయి దాన్ని బడిలో మొదటిసారి పట్టుకుంది. ఇంటికి రాగానే బూట్లైనా విప్పకుండా, "అమ్మా, దానికీ శ్రుతి తీగలున్నాయి! ఒక తీగ మీద పాట, మిగతావి ఊరికే మోగుతూనే ఉంటాయి" అంది. శనివారం సంగీతం క్లాసు మాట ఎత్తితేనే ముఖం చిన్నబుచ్చుకునే పిల్ల ఆ సాయంత్రం తనంతట తనే శ్రుతిపెట్టె యాప్ పెట్టుకుని కూర్చుంది. వీణకు పక్కన మూడు తాళపు తీగలుంటాయని, వాటిని కూడా స, ప, పై స లకే కడతారని చెప్పాను. "అయితే మనం ఒకటి చేద్దాం" అంది. వెంటనే ఒప్పుకున్నాను.

డల్సిమర్‌కే చిన్న తమ్ముడిలాంటిది ఒకటుంది. గిటారులా మెడకు తగిలించుకుని వాయించే కర్ర డల్సిమర్. దానికి కావలసినవి తక్కువ. ఒకటిన్నర అంగుళాల వెడల్పున్న మేపుల్ కర్ర ఒకటి, పాతిక సెంటీమీటర్ల పొడవున్న పలుచని చెక్క పెట్టె ఒకటి, తీగలు బిగించే మూడు బిరడలు, గిటారు తీగలు. మాకు పెట్టె చేతిపనుల దుకాణంలో దొరికింది. అందరూ చుట్ట పెట్టెలు వాడతారు, మూత పలుచగా ఉన్నదైతే ఏదైనా బాగానే పలుకుతుంది. తీగలకు ఎలక్ట్రిక్ గిటారు పది నంబరు సెట్టు ఒకటి కొని, అందులో సన్నని మూడింటిని తీసుకున్నాం. పాప పాడేది అయిదు శ్రుతిలో (అంటే G లో) కాబట్టి అన్నిటికన్నా సన్నని తీగ పై స, రెండోది ప, మూడోది కింది స. రంపం, డ్రిల్లు పని మా ఆయన చేశారు. గరుకు కాగితంతో నునుపు చేయడం, కొలవడం, తీగలు బిగించడం అన్నీ పాపవే. మొత్తం ఖర్చు నలభై డాలర్లు దాటలేదు.

అసలు సంగతంతా మెట్లలో ఉంది. తీగ మొదలయ్యే పై అంచు నుంచి, కింద తీగలను మోసే గుర్రం (బ్రిడ్జి) దాకా పొడవు 60 సెంటీమీటర్లు పెట్టుకున్నాం. దాన్ని సగం చేస్తే, 30 దగ్గర పై షడ్జం (స). మూడో వంతు దగ్గర, అంటే 20లో, పంచమం (ప). నాలుగో వంతున, 15లో, శుద్ధ మధ్యమం (మ). బడిలో భిన్నాల పాఠం నడుస్తున్న పిల్లకు ఈ లెక్క కొత్త కాదు. కానీ తను లెక్కగట్టిన చోట వేలు పెడితే, రోజూ తను పాడే పంచమమే పలికింది. వేలు తీసి మళ్ళీ పెట్టి, మళ్ళీ మళ్ళీ విని చూసుకుంది.

గాంధారం (గ) దగ్గర కథ మారింది. గిటారు చేసేవాళ్ళ కోసం ఇంటర్నెట్లో ఉండే లెక్కల పట్టిక ప్రకారం మెట్టు 12.38 దగ్గర రావాలి. మెట్టుకు బదులు పళ్ళపుల్ల ఒకటి టేపుతో అంటించి, శ్రుతి తీగలతో కలిపి మీటింది. స్వరం బాగానే ఉంది గానీ, లోపల సన్నని వణుకు, కింది తీగతో పొసగనట్టు. మా నాన్నగారు ఫోనులో వింటున్నారు. "గజంబద్ద పక్కన పెట్టు తల్లీ. ముందు చెవికి ఏది ఒప్పుతుందో చూడు, గీత తర్వాత గీసుకుందువుగాని" అన్నారు. గొల్లపల్లిలో వీణకు మేళం కట్టేవాళ్ళు, అంటే మెట్లు అమర్చేవాళ్ళు, మెట్టును మైనంలో అదిమి, మీటి, విని, మళ్ళీ రవ్వంత జరుపుతారని, ఆ పనికి కొలబద్ద కన్నా చెవి ముఖ్యమని కూడా ఆయనే చెప్పారు. పాప పుల్లను కొద్దికొద్దిగా పైకి జరుపుకుంటూ పోయింది. ఒకచోట ఆ వణుకు ఆగిపోయింది. "ఇక్కడ గొడవ పడట్లేదు తాతయ్యా" అంది. కొలిస్తే సరిగ్గా 12, తీగలో అయిదో వంతు. గిటారు పట్టికకూ తన చెవికీ తేడా దాదాపు నాలుగు మిల్లీమీటర్లు. అన్ని శ్రుతుల్లోనూ ఒకేలా వాయించగలగడానికి పియానో, గిటారు లాంటివి ప్రతి స్వరాన్నీ కొంచెం అటూ ఇటూ సర్దుకుంటాయి. ఒకే షడ్జాన్ని నమ్ముకున్న వాద్యానికి ఆ సర్దుబాటు అక్కర్లేదు. ఇంతా చేసి తీగను నొక్కినప్పుడు అది సాగి స్వరం రవ్వంత హెచ్చుతుంది. అందుకని గుర్రాన్ని మిల్లీమీటరో రెండో వెనక్కి జరుపుకోవాలి.

డల్సిమర్ పద్ధతిలో మెట్లన్నీ పెట్టాక వరసగా మీటితే వినిపించింది హరికాంభోజి రాగం. మధ్యమం, నిషాదం వదిలేస్తే మోహన రాగం. ఈ కొండల పాత పాటల్లో చాలావాటికి ఆ అయిదు స్వరాలే ఆధారం. ఇదంతా నేను నోటితో ఎన్నిసార్లు చెప్పినా పాపకు పాఠంలాగే అనిపించేది. ఇప్పుడు తనే కనిపెట్టినట్టు నాకు చెప్పింది, నేనూ కొత్తగా వింటున్నట్టే విన్నాను.

మర్నాడు మాత్రం దిగాలుగా వచ్చింది. సంగీతంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలు వాయిద్దామంటే రావట్లేదని. నిజమే, మన సంగీతం చదువు మొదలయ్యేది మాయామాళవగౌళ రాగంతో. పురందరదాసు పెట్టిన పద్ధతి అంటారు. దానికి శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం కావాలి. కొండ డల్సిమర్‌లో ఆ రిషభ ధైవతాలకు మెట్లే లేవు. దుకాణంలో కొన్న వాద్యమైతే అక్కడితో ఆగిపోవాల్సిందే. మేం చేసినది కాబట్టి ఏం చేయాలో మేమే ఆలోచించుకున్నాం. పద్మశ్రీ దర్శనం మొగులయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర వీడియో పాపకు చూపించాను. వెదురు దండి, సొరకాయ బుర్రలు, మైనంతో నిలబెట్టిన మెట్లు. ఊరూరా భుజాన మోసుకు తిరిగే కథకుల వాద్యం. అది చూశాక ఇత్తడి మెట్లను శాశ్వతంగా దిగ్గొట్టాలన్న ఆలోచన మానేశాం. చేపల గాలానికి వాడే నైలాను దారాన్ని కర్ర చుట్టూ బిగించి కట్టి, కింద చిటికెడు తేనె మైనం అద్దాం. సితారు మెట్ల లాగా అవి కదులుతాయి. రిషభాన్ని 3.75కి, ధైవతాన్ని 22.5కి, నిషాదాన్ని 28కి జరిపితే మాయామాళవగౌళ. వాటిని 6.67కి, 24కి, 26.25కి తెస్తే మళ్ళీ హరికాంభోజి. కర్ర పక్కన పాప రెండు రంగుల పెన్సిళ్ళతో గుర్తులు పెట్టుకుంది.

దీనితో అన్నీ రావు. తోడి రాగం అడిగితే ఈ కర్ర పలకదు. తీగను లాగి, స్వరాన్ని ఊపే చిన్న గమకం తేవచ్చు గానీ వీణలో వచ్చే ఆ నిండుదనం రాదు. ఆ లోటు పాపకు తెలియడం నాకు సంతోషంగా ఉంది, ఎందుకంటే ఇప్పుడు వీణ ఎందుకు అంత పెద్దదో, దండి మీద ఇరవై నాలుగు మెట్లు ఎందుకో తనే అడుగుతోంది. అడిగినప్పుడల్లా మూలనున్న వీణ గుడ్డ తీసి చూపిస్తున్నాను, ముట్టుకోనిస్తున్నాను కూడా.

మా ఊరి గ్రంథాలయంలో కొండ పాటలు వాయించేవాళ్ళు గుండ్రంగా కూర్చుని కలిసి వాయిస్తుంటారు. ఎవరైనా వెళ్ళవచ్చు. పాప తన కర్రతో వెళ్ళి వాళ్ళ పాటలు వాయించింది. తన వంతు వచ్చినప్పుడు మోహనంలో ఒక గీతం మొదలుపెట్టింది. పక్కనున్న పెద్దావిడ డల్సిమర్ మీద శ్రుతి పట్టారు, బాంజో వాయించే ఆయన రెండో ఆవర్తనానికి తాళం అందుకున్నారు. పూర్తయ్యాక వాళ్ళు అడిగింది ఆ దారపు మెట్ల గురించి. నైలాను ఎంత మందం, ముడి ఎలా వేశావు అని. పాప వాద్యాన్ని తిరగేసి ముడి చూపించింది.

ఇప్పుడు మా చిన్నవాడు తనకూ కావాలంటున్నాడు. వాడి చేతులు పొట్టివి, 60 సెంటీమీటర్లు అందవు. అక్క 45కి లెక్క గట్టింది: పంచమం 15 దగ్గర, మధ్యమం 11.25, గాంధారం 9. తీగ పొట్టిదైతే అదే శ్రుతికి వదులవుతుంది కాబట్టి కొంచెం లావు తీగలు కొనాలి. వచ్చే వారం కర్ర కోయిస్తున్నాం.