మన గోడ ముందు పడింది

మన బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచిక కోసం కమిటీ తరఫున మన క్లాసు బొగ్గింజన్ ఫోన్ చేసి, "నీకు రెండు పేజీలు. శీర్షిక 'కావలి నుంచి ఢిల్లీ దాకా'. సూటు వేసుకున్న ఫోటో ఒకటి పంపు" అని ఆర్డరు వేశాడు. నేను సూటు వేసుకోను, చీరలోనే మీటింగులకు పోతాను అంటే, "అయితే వెనకాల జెండాలు కనపడే ఫోటో పంపు" అన్నాడు. పంపాను. శీర్షిక మాత్రం నా ఇష్టం వచ్చింది పెట్టుకున్నాను. ఇంకో మాట. వాట్సాప్ గ్రూపులో నన్ను 'మేడమ్ గారు' అని రాస్తున్న మగపిల్లలు దయచేసి ఆ పని మానుకోండి. ఏడో తరగతి హాఫియర్లీ పరీక్షల్లో నా అట్ట ఎవరి సంచిలో తేలిందో నేనింకా మర్చిపోలేదు.

ఆరు నుంచి తొమ్మిది దాకా నాకు కోడిగుడ్ల కేసు తప్ప ఏమీ గుర్తులేదు. దోషి ఎవరో మనందరికీ తెలుసు. ఆయనిప్పుడు నలుగురూ దండం పెట్టే చోట ఉన్నాడు కాబట్టి వదిలేస్తున్నా. ఒన్‌మార్కు సార్ గురించి మన లాయరు రాస్తానన్నాడట. హిందీ టీచరమ్మ గొడుగు సంగతి జంటజడలు రాయకపోతే అది నేరమే. నేను రేడియో అయ్యవారి గురించి రాస్తాను. రెండు పేజీలూ ఆయనకే అయిపోతే కమిటీ ఏమీ అనుకోకూడదు.

1989 నవంబరు. మనం పదో తరగతి. ఆ సోమవారం అయ్యవారు క్లాసుకొచ్చి పుస్తకం తియ్యలేదు. థాయ్‌లాండు దగ్గర సముద్రంలో ఒక డ్రిల్లింగు ఓడ తుఫానులో బోల్తాపడింది, చాలామంది పోయారు, రాత్రి బీబీసీలో విన్నాను అన్నారు. బోర్డు మీద సన్నటి పొట్లకాయ వేలాడుతున్నట్టు మలయా ద్వీపకల్పం గీసి, ఆ తుఫాను దాన్ని దాటి ఇటువైపు దిగిందని బాణం గుర్తు వేశారు. భోజనాల తర్వాత మొదటి పీరియడు. ఎంతమంది మేలుకొని ఉన్నారో నాకు అనుమానమే. బిట్రగుంట గాడు మామూలుగానే పాసింజరు లేటు అని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

బుధవారం, 8వ తేదీ రాత్రి, ఆ తుఫానే మన దగ్గర తీరం దాటింది. చుంఫోన్ అనే చోట థాయ్‌లాండు భూమి మీదుగా వచ్చి, అండమాన్ సముద్రంలో దిగి, బంగాళాఖాతం అడ్డంగా దాటుకుని, ఇంత పొడుగు తీరంలో మన కావలినే ఎంచుకుంది. అటువైపు దాన్ని 'గే' అన్నారు. మన సముద్రంలో అప్పటికి తుఫానులకు పేర్లు పెట్టే అలవాటు లేదు. మనకది ఈరోజుకీ కావలి తుఫానే.

ఆ రాత్రి సంగతి ఎవరిది వాళ్ళకుంది, నేను రాయను. తెల్లారి చూస్తే బడికి తూర్పు వైపు కాంపౌండు గోడ లేదు. సైకిల్ స్టాండు రేకులు డ్రిల్ సార్ ఇంటి పెరట్లో దొరికాయి. తర్వాత అవి ఏమయ్యాయో ఆయన కోళ్ళకు తెలుసు. కరెంటు లేదు, పేపరు లేదు, రైళ్ళు లేవు. తుమ్మలపెంట వైపు నుంచీ సముద్రం ఒడ్డు జాలర్ల పల్లెలు, పట్టపుపాళేల నుంచీ వచ్చినవాళ్ళు మన క్లాసు గదుల్లో ఉన్నారు. పులిహోర పొట్లాలు పంచడానికి మనల్ని రమ్మన్నారు.

శుక్రవారం పొద్దున అయ్యవారు సైకిల్ నడిపించుకుంటూ వచ్చారు, హ్యాండిల్‌కు తోలు కవర్లో రేడియో. ఊరంతా చీకట్లో ఉన్నా ఆయన నిప్పో బ్యాటరీలకు ఏమీ కాలేదు. నెల్లూరు సరుకు అని గర్వంగా చెప్పేవారు గదా. వస్తూనే, "ఒరే, రాత్రి బెర్లిన్ గోడ తెరిచినారంట. మన గోడ ముందు పడింది, చూసినారా!" అన్నారు. నవ్వాలో వద్దో మనకు తెలియలేదు. కావలిలో బెర్లిన్ వార్త మొట్టమొదట విన్నది మన పదో తరగతి బి సెక్షనే అని నేను చాలా దేశాల్లో కోశాను. బెర్లిన్‌లో కూడా కోశాను. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

తర్వాత ఆయన మిగిలిన గోడ మీద ఇటుక పెళ్ళతో మళ్ళీ మ్యాపు గీశారు. థాయ్‌లాండు, అండమాన్, మనం. "ఇది వస్తాందని ముందుగా ఎవురికి తెలుసు?" అన్నారు.

బిట్రగుంట గాడే అన్నాడు, "మీకు తెలుసు సార్. సోమవారం చెప్పినారు గదా."

అయ్యవారు ఒక్క క్షణం ఆగారు. "నిజమే. నేను మీకు చెప్పినా. మీరు ఎవురికి చెప్పినారు?"

ఎవరమూ మాట్లాడలేదు. ఆయన అంతటితో పాఠం ముగించేవారేమో. మెట్ల మీద కూర్చుని పొట్లం విప్పుకుంటున్న ఒక పట్టపుపాళెం ముసలామె, "చెప్పినారయ్యా, రేడియోలో మాకూ చెప్పినారు. పడవలు, వలలు వదిలిపెట్టి యాడికి పోతాం? వాటిని ఎవురు కాస్తారు?" అంది. అయ్యవారు ఇటుక పెళ్ళ కింద పడేసి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నారు. ఒక్కో పడవ ఖరీదు ఎంత, అప్పు ఎవరిచ్చారు, వల పోతే మళ్ళీ ఎన్నాళ్ళకు వస్తుంది, అన్నీ అడిగారు. మనం ఆ మాటలు వింటూ నిలబడి ఉంటే పులిహోర చల్లారిపోయింది, హెడ్మాస్టరు కేకలేశారు.

ఆ తర్వాత ఎన్నికలు, పబ్లిక్ పరీక్షలు, ఇంటర్, జవహర్ భారతిలో డిగ్రీ, ఢిల్లీలో జేఎన్‌యూ, పెళ్ళి, పిల్లలు. ఇవన్నీ అందరికీ ఉన్నవే. నా పీహెచ్‌డీ బంగాళాఖాతం మీద. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నేను నడుపుతున్న సంస్థ విదేశాంగ విధానం, దేశ భద్రత మీద పరిశోధన చేస్తుంది. మా బాబాయి ఇప్పటికీ ఒకటే అడుగుతాడు: "జీతం ఎవురిస్తారమ్మా, గవర్నమెంటా?" ఢిల్లీలో సెమినార్లకొచ్చే పెద్దవాళ్ళు ఇంత సూటిగా అడగరు. గవర్నమెంటు డబ్బుతో నడిచేవి ఉన్నాయి. 1965 నవంబరులో పెట్టిన ఐడీఎస్‌ఏ అనే రక్షణ పరిశోధన సంస్థ రక్షణ శాఖది, రక్షణ మంత్రే దానికి అధ్యక్షుడు. సప్రూ హౌస్‌లో ఉన్న ప్రపంచ వ్యవహారాల మండలి 1943 నాటిది, 2001లో దానికి చట్టం చేశారు, అధ్యక్షుడు ఉపరాష్ట్రపతి. మాది అలాంటిది కాదు. ట్రస్టు. కంపెనీలు ఇస్తాయి, ఫౌండేషన్లు ఇస్తాయి, ఒక్కోసారి ఏదో ఒక మంత్రిత్వ శాఖ ఒక పని అప్పజెప్పి ఇస్తుంది. ఇచ్చేవాళ్ళందరికీ మనసులో ఒక మాట ఉంటుంది. డబ్బు తీసుకుని ఆ మాట తీసుకోకుండా ఉండటమే డైరెక్టరు ఉద్యోగం. మిగతా పని ఎవరైనా చేస్తారు. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, ఆ డబ్బులో ఆఫీసు ఖర్చులకు వాడుకునే వాటాను 50 శాతం నుంచి 20కి తగ్గించినప్పటి నుంచి, నేను రాయబారులతో కన్నా అకౌంటెంటుతోనే ఎక్కువసేపు కూర్చుంటున్నాను. బొగ్గింజన్ నన్ను 'దేశాన్ని కాపాడుతోంది' అని స్టేజీ మీద పరిచయం చేసే ముందు ఈ సంగతి గమనించాలి.

మనుషులతో ఇంకో రకం టెన్షన్. రిటైరైన రాయబారి 'మేమున్నప్పుడు' అని మొదలుపెడతాడు. రిటైరైన జనరల్ మ్యాపు ఏది అంటాడు. యూనివర్సిటీ నుంచి వచ్చినవాడు ఫుట్‌నోటు అడుగుతాడు. కుర్రవాళ్ళు సాయంత్రం ఏడింటికి టీవీ చర్చకు పోవాలని గడియారం చూస్తుంటారు. వీళ్ళను ఒక గదిలో కూర్చోబెట్టి, తలుపులు వేసి, నిజం మాట్లాడించాలి. దానికొక పద్ధతి ఉంది: విన్నది వాడుకోవచ్చు, ఎవరన్నారో బయట చెప్పకూడదు. లండన్‌లో ఛాతమ్ హౌస్ అని మాలాంటి సంస్థే ఒకటుంది, వాళ్ళు 1927లో పెట్టుకున్న రూలు, ప్రపంచమంతా వాడుతున్నారు. కోడిగుడ్ల కేసులో మన క్లాసు మొత్తం దాన్ని పాటించింది కాబట్టి నాకది నేర్చుకోవడం కష్టం కాలేదు.

అయ్యవారు గోడ దగ్గర అడిగిన ప్రశ్న నేను ఢిల్లీలో అచ్చులో చూశాను. కార్గిల్ తర్వాత 1999లో కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్షా కమిటీ వేశారు. ఐడీఎస్‌ఏను రెండు విడతలు నడిపిన మనిషి ఆయన. మా రంగంలో అందరికీ పెద్దదిక్కు. కొన్ని భాగాలు తీసేసిన ఆ నివేదిక 2000లో పార్లమెంటు ముందుకొచ్చింది. ఉన్నంతలో చదివితే తేలేది ఇది: సమాచారం ముక్కలు ముక్కలుగా ఒక్కో సంస్థ దగ్గర ఉంది, అన్నీ ఒకచోట పేర్చి చూసే ఏర్పాటు లేదు. సోమవారం చెప్పిన ఓడ కబురు మన చేతుల్లో ఎలా పడి ఉండిందో, అదీ అంతే. ఆ నివేదికను పట్టుకుని 2001లో మంత్రుల బృందం చేసిన సిఫారసుల్లో త్రిదళాధిపతి పదవి ఒకటి. అది 2020 జనవరికి గానీ రాలేదు. చెప్పినా వినడానికి అంతకాలం పడుతుంది. మా పనిలో తొందరపడేవాళ్ళు రెండేళ్ళకే కన్సల్టెన్సీలకు వెళ్ళిపోతారు.

అయితే నా సంస్థలో నేను ఎక్కువగా అడిగేది అయ్యవారి ప్రశ్న కాదు, ముసలామె ప్రశ్న. ఎవరు ఏ నివేదిక రాసుకొచ్చినా నేను ముందు చివరి పేజీ తిప్పుతాను. సిఫారసులు ఉండేది అక్కడే. 'ప్రభుత్వం ఇది చెయ్యాలి, అది చెయ్యాలి' అని వరసగా ఉంటాయి. "పడవలు ఎవరు కాస్తారు?" అంటాను. అంటే, ఈ పని చెయ్యబోయే అధికారి దాని కోసం ఏం వదులుకోవాలి, ఆ నష్టం ఎవరు భరిస్తారు అన్నది రాశావా అని. రాయకపోతే వెనక్కి పంపుతాను. కొత్తగా చేరిన పిల్లలు ఈ పద్ధతి నేను అమెరికా నుంచి తెచ్చానని అనుకుంటారు. అనుకోనీ.

ఇదే సముద్రం మీద నేను వాళ్ళకు ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. 2010 మే 20న బాపట్ల దగ్గర తీరం దాటిన లైలా తుఫానుకు ఆ పేరిచ్చింది పాకిస్తాన్. 2023 డిసెంబరులో మన నెల్లూరును ముంచిపోయిన మిచౌంగ్ పేరు మయన్మార్ ఇచ్చింది. 2004 నుంచి ఈ తీర దేశాలు కలిసి పేర్ల జాబితా వాడుతున్నాయి. అంతకన్నా ముందే, 1972 నుంచి, తుఫానుల కోసం ఒక ఉమ్మడి ప్యానెల్ ఉంది. 2019 నుంచి మనకూ పాకిస్తాన్‌కూ మధ్య హైకమిషనర్లు లేరు. అయినా 2023 జూన్‌లో అరేబియా సముద్రంలో బిపర్‌జాయ్ తుఫాను వచ్చినప్పుడు ఢిల్లీ వాతావరణ కేంద్రం హెచ్చరికలు అటూ వెళ్ళాయి. దెబ్బలాడుకుంటూనే కలిసి చెయ్యగలిగిన పనులు ఏవి అని వెతకడం మా వృత్తి. ఆ మధ్య మేం రాసిన ఒక పేరా, మా పేరు లేకుండా, ఒక సర్కారు కాగితంలో కనబడింది. మా లోకంలో అదే సన్మానం. ఆ రోజు ఇంటికి మిఠాయి తీసుకెళ్ళాను, ఎందుకో ఇంట్లో చెప్పడానికి వీల్లేకపోయింది.

అయ్యవారు ఒకసారి మా ఆఫీసుకు వచ్చారు. కాశీ యాత్ర ముగించుకుని, అల్లుడితో. సంచిలో నెల్లూరు మలై కాజాలు. ఆ రోజు హిందూ మహాసముద్రం మీద సమావేశం నడుస్తోంది. వెనక వరసలో కూర్చోబెట్టాను. నా మనసులో కొంచెం గొప్ప ఉండింది, చెప్పుకోవడానికేం. ముందు వరసలో మాజీ రాయబారులు, మధ్యలో అధ్యక్ష స్థానంలో నేను. రెండో సెషన్‌లో ఆయన హాయిగా నిద్రపోయారు. టీ సమయంలో లేచి, హాలంతా ఒకసారి కలయజూసి, "కుర్చీలు బాగున్నాయమ్మాయ్. సముద్రం గురించి ఇంతసేపు మాట్లాడినారు, గోడ మీద మ్యాపు లేదేంది?" అన్నారు. పక్కనున్న అడ్మిరల్ గారికి నేను తర్జుమా చేస్తే, "నేను ఏడాదిగా ఇదే చెబుతున్నాను" అని ఆయన అయ్యవారి చెయ్యి పట్టుకుని ఊపారు. అదే అయ్యవారిని ఆఖరిసారి చూడటం. ఇప్పుడు మా హాల్లో బంగాళాఖాతం గోడంత మ్యాపు ఉంది. కావలి అని అందులో అచ్చు లేదు. నేనే పెన్నుతో చుక్క పెట్టి రాశాను.

సమ్మేళనం కార్యక్రమం చూశాను. శాలువాలు, జ్ఞాపికలు, నా 'సందేశం' పది నిమిషాలు. శాలువా వద్దు, ఢిల్లీ చలికి సరిపడా ఉన్నాయి. ఆ పది నిమిషాలూ ఒన్‌మార్కు సార్‌కు ఇవ్వండి, ఆయనకు ఎటూ చాలవు. నాకు బదులుగా ఇప్పటి పదో తరగతి పిల్లలతో ఒక పీరియడు ఇప్పించండి, భోజనాల తర్వాతదైనా సరే. పట్టపుపాళెం నుంచి వచ్చే పిల్లలుంటే ముందు బెంచీలో కూర్చోబెట్టండి, నేను చెప్పడం కన్నా వాళ్ళను అడగవలసిందే ఎక్కువ. రామాయపట్నంలో రేవు వస్తోంది, జువ్వలదిన్నెలో చేపల హార్బరు కట్టారు. ఢిల్లీలో మేం కాగితాల మీద చూసేది వాళ్ళు రోజూ చూస్తున్నారు. మ్యాపు నేను చుట్టి తెస్తాను. మేకులూ సుత్తీ బొగ్గింజన్ పూచీ. మేకులు కొత్తవి కొనాలి, డ్రిల్ సార్ రేకుల్లోవి పీక్కొస్తే ఒప్పుకోను.